గాజుగుడ్డలో నల్ల గింజలు

అనంతపురం జిల్లాలో ఒక ఆస్పత్రి, చర్మవ్యాధుల ఓపీ. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మన దాకా రావడం లేదు. బల్ల మీద యాభై దాటిన రైతు కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. కాస్త పక్కకు జరిగి నిలబడండి, సిస్టర్ కట్టు విప్పుతోంది.

నిన్న సాయంత్రం వేసిన కట్టు ఇది. పుండు మానడానికి కాదు, లోపలి నుంచి వచ్చేదాన్ని పట్టడానికి వేశారు. ఆఖరి పొర ఊడిరాగానే పాదం బయటపడింది. ఎడమదానికి రెండింతలుంది, నొక్కితే లొంగదు. పైనంతా బొడిపెలు, ఒక్కో బొడిపె కొసన సన్నటి రంధ్రం, అందులోంచి రసి. గాజుగుడ్డను కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. పోగుల మధ్య ఇరుక్కున్న నల్లటి గింజలు, రాగి గింజలో సగమైనా ఉండవు.

"నొప్పి ఉందా పెద్దాయనా?" డాక్టరు అడిగాడు.

"నొప్పుంటే ఎప్పుడో వచ్చేవాణ్ణి కదా సార్. చెనిక్కాయ చేలో తుమ్మముల్లు దిగింది, పీకి పారేసినా. అది జరిగి ఏండ్లయింది."

ఈ జబ్బు మోసమంతా నొప్పి లేకపోవడంలోనే ఉంది. పేరు మైసిటోమా. మట్టిలోని బూజు ముల్లుతో పాటు చర్మం కిందికి దిగి, నెమ్మదిగా ఎముక దాకా పోతుంది. 1842లో జాన్ గిల్ అనే డాక్టరు మధురైలో దీన్ని గుర్తించి రాశాడు, అందుకే 'మదురా పాదం' అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో ఇది చేరింది మాత్రం 2016లో. వట్టికాళ్లతో నడిచేవాళ్ల రోగం మరి, తొందరేముంది!

రైతు సంచిలోంచి చీటీల కట్ట తీశాడు. అన్నీ యాంటీబయాటిక్‌లే. రాసినవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. ఒక రకం బాక్టీరియా వల్ల కూడా అచ్చం ఇలాంటి కాలే తయారవుతుంది, దానికి ఆ మందులే సరైనవి. కానీ గింజను చూడకుండా రాయడం గుడ్డి వైద్యం. తెల్ల గింజలైతే రెండింటిలో ఏదైనా కావచ్చు. నల్ల గింజ మాత్రం బూజుదే.

గింజను సెలైన్‌లో కడిగి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, రెండు స్లయిడ్ల మధ్య నలిపింది పీజీ అమ్మాయి. లేచి మీకు చోటిచ్చింది, చూడండి. గోధుమరంగు ముద్ద, అంచుల్లో లావుపాటి పోగులు, మధ్యమధ్య అడ్డుగోడలు. బాక్టీరియా పోగులైతే ఒక మైక్రాన్ మించవు. ఇవి అంతకు రెండు మూడింతలు. ఏ బూజో తేలాలంటే కల్చర్‌కు వారాలు పడుతుంది. ఎక్స్‌రేలో ఎముకకు అప్పుడే రంధ్రాలు పడ్డాయి.

"కాలు తీసేస్తారా సార్?"

"ముందు మందు వాడదాం."

ఇట్రాకొనజోల్, 200 మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రీ, కనీసం ఏడాది. గింజలోని నల్లటి గట్టి పదార్థం మందును లోపలికి సులువుగా పోనివ్వదు, అందుకే ఇంత కాలం. మందుతో గడ్డ ఒకచోట పొర కట్టుకుంటే, మిగిలింది కోసి తీయడం తేలిక. సూడాన్‌లో ఫాస్‌రావుకొనజోల్ అనే మందును వారానికోసారి ఇచ్చి పరీక్షించారు. ఇట్రాకొనజోల్‌ను అది మించలేదు గానీ, రోజూ మాత్రలు మింగలేని మనిషికి వారానికోసారంటే ఎంత ఊరట!

"ముద్ద తిన్న వెంటనే వేసుకోవాల. ఖాళీ కడుపుతో వద్దు. నెలకోసారి లివర్ పరీక్షకు రావాల." చెబుతూనే డాక్టరు పాత చీటీలో ఒక పేరు కొట్టేశాడు. గ్యాస్ మాత్ర.

"అది లేకుంటే మంట సార్!"

"కడుపులో పులుపు లేకుంటే ఈ క్యాప్సూల్ కరగదు పెద్దాయనా. రెండూ వేసుకుంటే అంత డబ్బు పోసి కొన్నది వంటికి పట్టదు. మంట ఆగకపోతే నా దగ్గరికి రా, అంగడికి మాత్రం పోవద్దు."


రైతు ఒప్పుకున్నట్టు లేడు. "సరే, కారం తగ్గిస్తా" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.