నది లేని దేశంలో చెక్క వంతెన

మాది తాళ్ళరేవు దగ్గర ఓ పల్లె. బడికెళ్ళాలంటే కాలవ మీద తాటి దుంగల వంతెన దాటాలి. మా తాతయ్య ఓడల వడ్రంగి. వంతెన దుంగ పుచ్చిపోతే మార్చేదీ ఆయనే. కువైట్‌లో ఓ ఇంట్లో డ్రైవరుగా చేరిన కొత్తలో నాకు వెలితిగా తోచింది ఒకటే. ఇక్కడ ఒక్క నది లేదు. నదే లేనిచోట పాత వంతెన ఎక్కడుంటుందిలే అనుకున్నాను.

ఉంది. 2003లో సాల్మియాలో నా కంటపడింది.

మా యజమాని తండ్రిని మేమంతా బాబా అని పిలిచేవాళ్ళం. అప్పటికే ఎనభై దాటిన మనిషి. ఓ సాయంత్రం మనవల్ని తీసుకుని సైంటిఫిక్ సెంటర్‌కి వెళ్దామన్నారు. పిల్లలు చేపల్ని చూడ్డానికి లోపలికి పరిగెత్తారు. బాబా మాత్రం బయట ఉన్న పెద్ద చెక్క ఓడ దగ్గరే ఆగిపోయారు. దాని పేరు ఫతే అల్ ఖైర్. 1938లో కట్టారు. చమురుకు ముందు కాలపు సముద్రపు ఓడల్లో మిగిలిన ఆఖరిది ఇదేనంటారు. బాబా చేతికర్రతో దాని పలకల్ని చూపించి, బొంబాయి హిందీలో "ఇది మీ టేకు" అన్నారు.

ఓడ కట్టడానికి పనికొచ్చే చెట్టు కువైట్ ఇసుకలో మొలవదు. టేకంతా మన మలబారు తీరం నుంచి, ముఖ్యంగా కాలికట్ నుంచి వచ్చేది. కొబ్బరి తాళ్ళూ అక్కడివే. ఆ టేకు తెచ్చింది కూడా టేకు ఓడలే! శరదృతువులో బస్రా ఖర్జూరం నింపుకుని, ఈశాన్య గాలి పట్టుకుని కరాచీ, బొంబాయి, కాలికట్ చేరేవి. తిరుగు ప్రయాణంలో కలప, బియ్యం, టీ, మసాలా దినుసులు. కొన్ని ఓడలు తూర్పు ఆఫ్రికా వెళ్ళి మడచెట్ల వాసాలు తెచ్చేవి. పాత కువైట్ ఇళ్ళ పైకప్పులు ఆ వాసాల మీదే నిలబడ్డాయి. తాగేనీళ్ళు సైతం షత్ అల్ అరబ్ నుంచి పడవల్లోనే వచ్చేవి. ఇక్కడ 1961 దాకా చెలామణీ అయింది రూపాయే. రెండు ఒడ్లను కలిపేదే వంతెన అయితే, ఇంతకన్నా పొడుగాటి చెక్క వంతెన నేనెరగను.

ఇక్కడి ఓడల వడ్రంగిని గల్లాఫ్ అంటారు. కాగితం మీద బొమ్మ గీసుకోడు. ముందు పలకలు వంచి పొట్ట కడతాడు, తరవాత లోపల పక్కటెముకలు బిగిస్తాడు. సందుల్లో నూనెలో తడిపిన దూది కూరతాడు. బాబా ఇదంతా చెబుతుంటే నాకు మా తాతయ్య వేళ్ళే కనిపించాయి. 1839 తుపాను కోరంగిని ముంచేశాక కూడా మా తాళ్ళరేవులో ఓడలు కట్టడం మానలేదు. తాతయ్యా ఏనాడూ బొమ్మ గీయలేదు. అడిగితే "కంట్లో ఉందిరా" అనేవాడు.

ఆ వంతెన దాటినవాళ్ళ బతుకు ఎలా ఉండేదో ఆస్ట్రేలియా నావికుడు అలన్ విలియర్స్ రాశాడు. 1938–39లో బయాన్ అనే కువైట్ ఓడ మీద ఏడెన్ నుంచి జాంజిబార్ వెళ్ళి, ఆ ఓడతోనే కువైట్ చేరాడు. కళాసీలకు నెల జీతం లేదు. ఓడ సంపాదనలో వాటా. బయల్దేరేముందు ఇంటి ఖర్చుకని నఖుదా, అంటే ఓడ కెప్టెన్, అప్పిస్తాడు. తిరిగొచ్చాక వాటా ఆ అప్పుకే సరిపోదు. మళ్ళీ ఓడెక్కాలి. ముత్యాల వేటలో మరీ ఘోరం. తండ్రి పోతే అప్పు కొడుకు నెత్తిన పడేది.

బాబా హఠాత్తుగా అడిగారు. "నీ అప్పు తీరిందా?"

నా అప్పు సంగతి ఆయనకెప్పుడూ చెప్పలేదు. వీసా కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, ఇక్కడ చేతికొచ్చింది ఇంకొకటి. "ఇంకో ఏడాది పడుతుంది బాబా" అన్నాను.

"మా నాన్న ముత్యాలకు మునిగేవాడు. ఆయన అప్పు నేను ఓడెక్కి తీర్చాను. అప్పు లేకుండా సముద్రం దాటినవాణ్ణి నేను చూడలేదు" అన్నారాయన.

ఆ ఓడ పుట్టిన 1938లోనే, ఫిబ్రవరిలో, బుర్గాన్ దగ్గర చమురు పడింది. 1946లో మొదటి చమురు నౌక బయల్దేరింది. కళాసీలు చమురు కంపెనీ పనుల్లోకి మళ్ళారు. తెరచాప ఓడలు ఒకటొకటిగా రేవు వదిలాయి. ఆ తరవాత కడప నుంచీ, కోనసీమ నుంచీ మనవాళ్ళు ఇటు రావడం మొదలైంది. గల్ఫ్ కథ అక్కడే మొదలైందని మనమూ అనుకుంటాం, ఇక్కడి కుర్రాళ్ళూ అనుకుంటారు. అంతకుముందు పొట్ట చేతపట్టుకుని మన రేవుల్లో దిగింది వీళ్ళ తాతలే.

బాబా ఇప్పుడు లేరు. నా అప్పు తీరి చాలా ఏళ్ళయింది. 2019 మే నెలలో సముద్రం మీద షేక్ జాబెర్ వంతెన తెరిచారు. 36 కిలోమీటర్లు, అంతా కాంక్రీటూ ఉక్కూ. మొదటిసారి కారులో దాటుతుంటే పక్కన ఊళ్ళో నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడున్నాడు. నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నడి వంతెన మీద వాణ్ణి అడిగాను. "ఎంత వడ్డీకి తెచ్చావురా?"