ప్రోగ్రామర్ల సంఘములలో క్రొత్తవాని ప్రశ్న: ఒక చారిత్రక పరిశీలన

విద్య నేర్చువానికి ప్రశ్నించుట హక్కా, లేక ప్రశ్నించు తీరు నేర్చుకొనుట ముందు విధియా అను వివాదము ప్రాచీనమైనది. ఇరువదవ శతాబ్దమున పుట్టిన కంప్యూటరు విద్యలో అది క్రొత్త రూపము దాల్చెను. ఏలయన, ఈ విద్యాగోష్ఠులలో గురువునకు జీతము లేదు. శిష్యునకు గురువు ముఖము తెలియదు. ఇరువురి నడుమ నున్నది వ్రాత యొక్కటియే. నేడు తెలుగు కుటుంబములలో ఈ వృత్తి నవలంబించినవారు పెక్కురు. కావున ఆ వృత్తియందు ప్రశ్నమర్యాద ఏర్పడిన చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు.

తొలినాళ్లలో కంప్యూటరు వాడువా రందఱును యంత్రమున్న భవనమునకే వచ్చెడివారు. సందేహము కలిగినచో ప్రక్కవానిని అడుగుటయే పద్ధతి. 1955లో ఐ.బి.యం. 704 యంత్రములను వాడు సంస్థలు 'షేర్' అను సంఘముగా నేర్పడి ప్రోగ్రాములను పంచుకొనసాగెను. అది నిపుణుల కూటమి. క్రొత్తవానికి అందు చోటు తక్కువ. శాస్త్రము చదువని విద్యార్థిని దృష్టియందుంచుకొని భాషనే నిర్మించిన ప్రయత్నము అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగెను. అచటి ఆచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనువారు 'బేసిక్' భాషను రూపొందింపగా, 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు అందలి తొలి ప్రోగ్రాము నడచెను. విద్యార్థి తప్పు చేసినపుడు యంత్ర మిచ్చు సందేశము స్పష్టముగాను, స్నేహపూర్వకముగాను ఉండవలెనన్నది వారు పెట్టుకొన్న నియమములలో నొకటి. యంత్రమునకు మర్యాద నేర్పుట సాధ్యమయ్యెను. మనుష్యుల సంగతి వేఱు.

1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు యూజ్‌నెట్‌ను సంకల్పించిరి. 1980లో అది ప్రారంభమయ్యెను. ఒక విశ్వవిద్యాలయమున వ్రాసిన ప్రశ్న టెలిఫోను తీగలమీదుగా వేఱొకచోటికి చేరి, దానికి జవాబు తిరిగివచ్చెడిది. విషయమును బట్టి గోష్ఠు లేర్పడెను. వానిలో సీ భాషకు సంబంధించినది, 1986-87లో జరిగిన పునర్నామకరణమున 'కాంప్.లాంగ్.సీ' అను పేరు పొందెను. అచట నొక చిక్కు పుట్టెను. క్రొత్తవారు వచ్చినకొలది అవే ప్రశ్నలు. 'నల్ పాయింటరు' అననేమి? 'అరే' కును పాయింటరునకును భేదమేమి? ఒకే వాక్యమున 'ఐ' విలువను పెంచుచు, దానినే మరల వాడినచో ఒక్కొక్క యంత్రమున ఒక్కొక్క ఫలితము వచ్చుట యేల?

ఇట్టి చిక్కునకు పరిష్కారము వేఱొకచోట అప్పటికే దొరకియుండెను. 1980వ దశకపు తొలి సంవత్సరములలో, నాసాలో పనిచేయు యూజీన్ మియా, అంతరిక్ష విషయములను చర్చించు లేఖాగోష్ఠికై, పదే పదే వచ్చు ప్రశ్నలకు జవాబులను కూర్చి, వానిని నియతకాలమున ప్రకటించుచుండెను. సీ భాషకు స్టీవ్ సమ్మిట్ 1990లో అట్టి పట్టికనే ప్రకటించి, సవరించుచు పోయెను. 1995లో అది గ్రంథరూపము పొందెను. ఆ పట్టికను చదివినవారికి ఒక సంగతి స్పష్టమగును. క్రొత్తవారు ఒకే ప్రశ్న నడుగుటకు వారి సోమరితనము కారణము కాదు. ఆ చోటున భాషయే గహనముగా నుండుట కారణము. సీ భాషలో 'అరే' పేరు పెక్కు సందర్భములలో తన మొదటి అంశమునకు పాయింటరుగా మాఱును, కొన్నింట మాఱదు. ఈ నియమము నెఱుగనివాడు రెండును ఒకటే యని భ్రమించుట సహజము. నూరుమంది ఒకే రాతికి తట్టుకొని పడినచో నూరుమందికి చూపు లేదనుట న్యాయము కాదు. సమ్మిట్ ఆ రాయి ఎచట నున్నదో, ఏల నున్నదో ఓపికతో వ్రాసిపెట్టెను.

అమెరికా విశ్వవిద్యాలయములలో చదువులు సాధారణముగా సెప్టెంబరు ప్రాంతమున ప్రారంభమగును. ఏటేట ఆ మాసమున క్రొత్త విద్యార్థులు గుంపుగా ప్రవేశించి, ఆచారము లెఱుగక తోచినట్లు వ్రాసెడివారు. పాతవారు కొంత విసిగియు, కొంత బోధించియు, నెల రెండు నెలలలో వారిని తమలో కలుపుకొనెడివారు. 1993-94లో అమెరికా ఆన్‌లైన్ వంటి వ్యాపారసంస్థలు తమ చందాదారులకు యూజ్‌నెట్ ద్వారము తెఱచినవి. క్రొత్తవారి రాక ఋతువును వీడి నిత్యమయ్యెను. 1993 సెప్టెంబరు ఇంకను ముగియలేదని పాతవారు పరిహసింపసాగిరి. పరస్థలమున ముందుగా స్థిరపడిన ఏ సంఘమునకైనను ఈ స్థితి క్రొత్త కాదు. ఏటికి పది కుటుంబములు వచ్చినపుడు దారి చూపినవారే, దినమునకు పది వచ్చినపుడు తలుపు మూయుదురు.

ఆ మూసిన తలుపుపై వ్రాసిన మాట 'ఆర్.టి.ఎఫ్.ఎం.' ముందు గ్రంథము చదువుమని దాని భావము. నడుమ నున్న 'ఎఫ్' తిట్టు. యూనిక్స్ వ్యవస్థకు 1971 నుండియు కరదీపిక యున్నది గనుక సలహా తప్పు కాదు. విచిత్ర మేమనగా, యూజ్‌నెట్ గోష్ఠుల ప్రశ్నోత్తర పట్టికలను భద్రపఱచి అందఱకును అందించిన ఎం.ఐ.టి. కంప్యూటరునకు ఆ నాలుగక్షరములే పేరుగా పెట్టిరి. తిట్టునకును, గ్రంథాలయమునకును పేరొకటే యయ్యెను.

నియమములను వ్రాతలో పెట్టు ప్రయత్నములు అనంతరము బలపడెను. ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హాంబ్రిడ్జి 1995 అక్టోబరులో కూర్చిన 'ఆర్.ఎఫ్.సి. 1855' అను పత్రము, గోష్ఠిలో ఏదైనను వ్రాయుటకు ముందు ఒకటి రెండు మాసములు ఊరక చదువుమని క్రొత్తవారికి చెప్పెను. కోపముతో వ్రాసిన జవాబును ఒక రాత్రి ఆపి పంపుమనియు హితవు పలికెను. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ ప్రశ్నించు విధానముపై వ్రాసిన దీర్ఘపత్రము మిక్కిలి ప్రచారము పొందెను. ముందు వెదకుము, శీర్షిక అర్థవంతముగా పెట్టుము, ఊహలు గాక కనబడిన లక్షణములను కాలక్రమమున చెప్పుము, పరిష్కారము దొరకినపుడు అందఱకును తెలుపుము. వైద్యునియొద్దకు పోయినవాడు తన వ్యాధి పేరు తానే చెప్పక, నొప్పి ఎచట నున్నదో, ఎన్నడు మొదలైనదో చెప్పుట వంటి దిది. సలహా లన్నియు ఉపయోగకరములే. కాని ఆ పత్రమున అధికభాగము అడుగువానికే ఉద్దేశింపబడెను; జవాబిచ్చువాని విధులు చివర నొక చిన్న ప్రకరణమున నిమిడినవి. భారము ఎవరిపై నుండవలెనని నాటివారు తలచిరో ఈ నిష్పత్తియే తెలుపుచున్నది. అన్ని సంఘములును అట్లే యుండెనని కాదు. జపానుదేశీయుడు యుకిహిరో మత్సుమోటో 1995లో వెలువరించిన రూబీ భాషవారు, తమ భాషాకర్త సౌమ్యుడు కావున తామును సౌమ్యముగా నుండవలెనను సూక్తిని ప్రచారము చేసికొనిరి.

2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 'స్టాక్ ఓవర్‌ఫ్లో' నెలకొల్పిరి. అచట జవాబు అడిగినవానికి మాత్రమే కాదు, రేపు అదే వెదకివచ్చు వేలమందికి. కావున ఒకసారి వచ్చిన ప్రశ్న మరల వచ్చిన మూసివేయుదురు. నమస్కారమును, కృతజ్ఞతావాక్యమును అనవసరమని కొట్టివేయుదురు. ఇది తర్కసమ్మతమే. కాని లేఖ నమస్కారముతో మొదలిడవలెనని బడిలో నేర్చిన తెలుగు బాలునకు, తన వినయమే దోషముగా గణింపబడుట వింతగా తోచును.

ఇంకొక అడ్డంకి 'సందేహము' అను మాట. తెలుగున సందేహ మడుగుట యనగా తెలియనిది తెలిసికొనగోరుట, తీర్చుట గురుధర్మము. దానినే ఆంగ్లమున 'డౌట్' అని వ్రాసినచో, ఇంగ్లండు, అమెరికా దేశీయులకు అది అపనమ్మకముగా వినబడును. మీ ప్రోగ్రామునందు నాకొక 'డౌట్' గలదని చేతులు కట్టుకొని వ్రాసినవాడు, అవతలివారికి ఆక్షేపకుడుగా కనబడును. ఈ వాడుక భారతదేశమున అనేక భాషలవారికి సామాన్యము. అడుగువానికి భాష రాదనుట సరికాదు. అతని మాతృభాషలోని మర్యాద అనువాదమున జాఱిపోయినది.

2018 ఏప్రిలులో స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ, తమ స్థలము క్రొత్తవారికిని, స్త్రీలకును, ఇతరులకును ఆదరపూర్వకముగా లేదని బహిరంగముగా అంగీకరించెను. ఆ యేడు ఆగస్టులో నూతన ప్రవర్తనానియమావళి వచ్చెను. క్రొత్తవారు వ్రాసినదానిని గుర్తించి సౌమ్యముగా మెలగుటకై ప్రశ్న ప్రక్కన ఒక చిహ్నము నుంచిరి. మియా పట్టికలనాటి నుండి లెక్కించిన ఈ మాటకు ముప్పది యేండ్లకు పైగా పట్టెను.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడెను. చూచుటకు సరిగా నుండి తఱచు తప్పులగుచున్నవని, యంత్రము వ్రాసిన జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో డిసెంబరులోనే నిషేధించెను. ఐనను అచటికి వచ్చు ప్రశ్నలు వేగముగా తగ్గెను. యంత్రము విసుగుకొనదు, 'డౌట్' అన్నను గ్రహించును. కాని దాని జవాబు అడిగినవాని తెరపైననే నిలుచును. తెలిసినవా డొకడు చూచి తప్పు దిద్దుటకు అందు వీలు లేదు. 2024 మే మాసమున స్టాక్ ఓవర్‌ఫ్లో, చాట్‌జీపీటీని నిర్మించిన ఓపెన్‌ఏఐ సంస్థతో ఒప్పందము ప్రకటించెను. ఏండ్లతరబడి ఉచితముగా తా మిచ్చిన జవాబులు ఈ విధముగా పోవుట కిష్టపడని కొందఱు, వానిని చెఱపివేయబూనిరి. నిర్వాహకులు ఆ జవాబులను యథాస్థానమున పునరుద్ధరించి, అట్లు చేసినవారిలో కొందఱి ఖాతాలను కొంతకాలము స్తంభింపజేసిరి.