పరిపూర్ణతావాద మాపనులు

పరిపూర్ణతావాద మాపని అనగా లోపరహితంగా పనిచేయాలనే తపనను ప్రశ్నావళి ద్వారా కొలిచే మనస్తత్వశాస్త్ర సాధనం. 1990లో రాండీ ఫ్రాస్ట్ బృందం 35 అంశాలతోను, 1991లో పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ 45 అంశాలతోను ఇటువంటి మాపనులను రూపొందించారు.

2014లో కెన్నెత్ రైస్ బృందం వెలువరించిన సంక్షిప్త మాపనిలో 8 అంశాలే ఉన్నాయి. వీటిలో నాలుగు ఉన్నత ప్రమాణాలను, నాలుగు ఆశించినదానికీ సాధించినదానికీ మధ్య తోచే అంతరాన్ని కొలుస్తాయి. ఉదాహరణకు, చేనేతకు పేరొందిన ఎమ్మిగనూరులో ఒక నేత కార్మికుడు పోగు తప్పకుండా నేయాలనుకోవడం మొదటిది. ఎంత బాగా నేసినా తన బట్ట నాసిగానే తోచడం రెండవది. కుంగుబాటుతో ఎక్కువ సంబంధం కనబడేది రెండవదానికే. కనుక ఈ రెండు స్కోర్లను విడివిడిగా చూడాలి.

తెలుగు అనువాదాన్ని తెలుగువారి జవాబులతో సరిచూసిన తరువాతే వాడాలి. ఈ మాపని రోగనిర్ధారణ పరీక్ష కాదు.