మెరుపు యుద్ధం: పేరు వెనుక కథ

1940 మే 13. ఫ్రాన్స్‌లోని సెడాన్ పట్టణం దగ్గర మ్యూజ్ నది గట్టున జర్మన్ విమానాలు గంటల తరబడి బాంబులు కురిపించాయి. ఆ మధ్యాహ్నం పదాతి సైనికులు రబ్బరు పడవల్లో నది దాటారు. రాత్రికి రాత్రి వంతెన కట్టారు. తెల్లారేసరికి దాని మీద ట్యాంకులు కదిలాయి. మే 20 నాటికి అబ్బెవిల్ పట్టణం దాటి సముద్రతీరం చేరాయి. బెల్జియంలోకి వెళ్లిన ఫ్రెంచి, బ్రిటిష్ సేనలకు వెనక దారి మూసుకుపోయింది. జూన్ 22న ఫ్రాన్స్ లొంగిపోయింది.

లోకం దీన్ని ‘బ్లిట్జ్‌క్రీగ్’ అంది. జర్మన్‌లో ‘బ్లిట్జ్’ అంటే మెరుపు, ‘క్రీగ్’ అంటే యుద్ధం.

ఈ మాట 1935లోనే ఒక జర్మన్ సైనిక పత్రికలో కనిపించింది. తిండిగింజలు, ముడిసరుకు చాలని దేశం యుద్ధాన్ని త్వరగా ముగించుకోవాలన్నది అక్కడి వాదన. దాన్ని ప్రపంచమంతా మోగించింది మాత్రం విదేశీ పత్రికలు. పోలండ్‌పై దాడిని వర్ణిస్తూ 1939 సెప్టెంబరు 25న అమెరికాలోని ‘టైమ్’ ఈ మాట వాడింది. మరుసటి ఏడాది లండన్ వాసులు ‘బ్లిట్జ్’ అని కుదించి, తమపై ఎనిమిది నెలలు సాగిన బాంబుదాడులకు పేరుగా పెట్టుకున్నారు.

జర్మన్ సైన్యానికి మాత్రం ఆ పేరుతో అధికారిక సిద్ధాంతమేదీ లేదు. శత్రువును వేగంగా చుట్టుముట్టడం పాత ప్రష్యన్ పద్ధతే. దానికి ట్యాంకులు, విమానాలు, రేడియోలు తోడయ్యాయి. నిజానికి 1940లో ఫ్రాన్స్ పోరులో ట్యాంకుల సంఖ్యలో మిత్రపక్షాలదే పైచేయి. అయితే జర్మన్ ట్యాంకుల్లో రేడియోలు ఉండేవి. చాలా ఫ్రెంచి ట్యాంకుల్లో లేవు. మరోవైపు, జర్మన్ డివిజన్లలో అత్యధికం కాలినడకన, గుర్రపు బండ్లతో సాగినవే.

ఆ వేగానికి సొంత సేనానులే బెదిరారు. మే 17న, సెడాన్ దగ్గర నది దాటిన ట్యాంకు దళాల అధిపతి హైంజ్ గుడేరియన్‌ను ఆగమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆయన రాజీనామాకు సిద్ధపడ్డాడు. చివరికి ‘శత్రువు ఆచూకీ తెలుసుకునేందుకు’ అన్న పేరుతో ముందుకు సాగే అనుమతి సంపాదించాడు. ముందే గీసుకున్న మెరుపు పథకమే ఉంటే ఈ పెనుగులాట దేనికి?

1941లో సోవియట్ యూనియన్‌పై దాడిని మాత్రం కొన్ని నెలల్లో ముగించాలని ముందే లెక్క వేసుకున్నారు. దూరాలు, బురద, చలి, ఎర్రసైన్యం ప్రతిఘటన ఆ లెక్కను తారుమారు చేశాయి. నవంబరు 8న మ్యూనిక్‌లో ప్రసంగిస్తూ హిట్లర్, ‘బ్లిట్జ్‌క్రీగ్’ అన్నది తెలివితక్కువ మాటనీ తానెన్నడూ వాడలేదనీ చెప్పుకున్నాడు. నెల తిరక్కముందే, డిసెంబరు 5న, మాస్కో ముంగిట ఎర్రసైన్యం ఎదురుదాడి మొదలైంది.