ఎస్పోజితో (ఇంటిపేరు)

ఎస్పోజితో దక్షిణ ఇటలీలో, ముఖ్యంగా నేపుల్స్ నగరంలోనూ దాని చుట్టూ ఉన్న కంపానియా ప్రాంతంలోనూ విరివిగా వినబడే ఇంటిపేరు. ‘బయట వదిలేసిన’ అనే అర్థమున్న లాటిన్ మాట ‘ఎక్స్‌పోజితుస్’ దీనికి మూలం. తల్లిదండ్రులెవరో తెలియని పసికందులకు ఈ పేరు పెట్టేవారు.

నేపుల్స్‌లోని అనున్సియాతా ధర్మసంస్థ గోడకు ఒక కంత, అందులో గిరగిరా తిరిగే చెక్క పీపా ఉండేవి. బిడ్డను వీధివైపు నుంచి అందులో పెట్టి తిప్పితే లోపలివాళ్ల చేతికి చేరేది. వదిలినవారి ముఖం ఎవరికీ కనబడదు. బిడ్డ మెడలో సీసపు బిళ్ళ కట్టి, వివరాలు పుస్తకంలో రాసుకునేవారు. ఈ పీపాను 1875లో మూసేశారు. అంతకు ముందే, నేపుల్స్ రాజు మ్యురా ఏలుబడిలో (1808–1815), అనాథ అనే ముద్ర జీవితాంతం వెంటాడటం తగదని కొత్త పిల్లలకు ఎస్పోజితో పేరు పెట్టడాన్ని నిషేధించారు. అప్పటికే వేల కుటుంబాల్లో పాతుకుపోయిన పేరు మాత్రం చెరగలేదు.

ఇతర నగరాల్లో ఇలాంటివే వేరే పేర్లు: ఫ్లారెన్స్‌లో ఇన్నొచెంతి, రోమ్‌లో ప్రొయెత్తి, మిలాన్‌లో కొలొంబో. అయితే కొలొంబోలందరూ అనాథల సంతతి కారు. నావికుడు కొలంబస్ (ఇటాలియన్‌లో కొలొంబో) కుటుంబం జెనోవా నేతపనివారిది.

వలసలతో ఈ పేరు అమెరికా, అర్జెంటీనా, కెనడాలకు చేరింది. ఐస్ హాకీ ఆటగాడు ఫిల్ ఎస్పోజితో, నటుడు జాన్‌కార్లో ఎస్పోజితో సుపరిచితులు. ఇటలీలో రెండో అక్షరమైన ‘పో’ను ఒత్తి పలుకుతారు, అమెరికాలో ఆ ఒత్తు మూడో అక్షరానికి జరిగింది.