చేతుల లెక్క, పని లెక్క: రెండు గ్రాఫిక్స్ కార్డుల కథ

నల్లగొండ జిల్లా నందికొండ వద్ద 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము రాతికట్టడము. పెద్ద యంత్రములకంటె మనుష్యుల చేతులనే ఎక్కువగా నమ్ముకొని కట్టబడినది. పొరుగుననున్న పాలమూరు, అనగా మహబూబ్‌నగరు జిల్లా కూలీలు మట్టిపనికి, రాతిపనికి దేశమంతట పేరు పొందినవారు. వారిని వెంటబెట్టుకొని పోవు గుంపు మేస్త్రీని ఎరుగని పల్లె ఆ ప్రాంతమున అరుదు. నూరుమంది కూలీలున్నంత మాత్రమున నూరుమంది పని జరుగదని ఆ మేస్త్రీకి ఎవరును చెప్పనక్కరలేదు. రాయి అందక పదిమంది, పని చెప్పువారు లేక ఇరువదిమంది ఊరక నిలుచుండుట ఆయన నిత్యము చూచునదే. 2016వ సంవత్సరమున రెండు గ్రాఫిక్స్ కార్డుల మధ్య జరిగిన పోటీని తెలిసికొనుటకు ఈ మేస్త్రీ అనుభవము మనకు అక్కరకు వచ్చును.

కంప్యూటరు తెరపై బొమ్మ చుక్కలతో ఏర్పడును. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలుండును. ఆటలోని బొమ్మ సాఫీగా కదలవలెనన్న సెకనుకు 60 మారులు కొత్త బొమ్మ గీయవలెను. అనగా సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కల రంగును నిర్ణయింపవలెను. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు నేర్పరియే కాని, దానికి చేతులు కొద్ది. అందుచేత ఒకే విధమైన చిన్న లెక్కలను ఒకేసారి చేయగల వేలాది గణనభాగములతో ప్రత్యేకమైన కార్డును తయారుచేసిరి. అదియే గ్రాఫిక్స్ కార్డు.

ఈ రంగమున చివరకు రెండు సంస్థలు ముఖ్యముగా మిగిలినవి. మొదటిది 1993లో స్థాపింపబడిన ఎన్విడియా. దాని కార్డుల పేరు జీఫోర్స్. రెండవది ఏ ఎం డి. అది కెనడా దేశపు ఏ టి ఐ సంస్థను 2006లో కొని, దానితోపాటు రేడియాన్ అను పేరును సంపాదించెను. 2015 సెప్టెంబరులో ఏ ఎం డి తన గ్రాఫిక్స్ శాఖను వేరుచేసి రాజా కోడూరికి అప్పగించెను. ఆయన గోదావరి ఒడ్డున గల కొవ్వూరువాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, ఖరగపూరు ఐ ఐ టి లోను చదివి, ఎస్ 3, ఏ టి ఐ, ఆపిల్ సంస్థలలో పనిచేసినవాడు. అప్పటికి ఏ ఎం డి కార్డులు పోటీలో వెనుకబడి యుండెను. లక్షలు పోయగలవారి కార్డును ముందుగా తయారుచేయక, సామాన్యుడు కొనగల కార్డుతో మొదలు పెట్టుట ఆ శాఖ ఎన్నుకొన్న దారి.

ఆ కార్డు రేడియాన్ ఆర్ ఎక్స్ 480. 2016 జూన్ 29న విడుదలయ్యెను. దాని మెమరీ 8 గిగాబైట్లు. మూడు వారములు తిరుగకముందే, జులై 19న ఎన్విడియా జీఫోర్స్ జి టి ఎక్స్ 1060ను తెచ్చెను. 6 గిగాబైట్ల మెమరీ. వెల 249 డాలర్లనుండి మొదలు.

కాగితముపై చూచిన రేడియానుదే పైచేయి. దానిలో గణనభాగములు 2304. జీఫోర్సులో 1280 మాత్రమే. అయితే జీఫోర్సు గడియారము చురుకైనది: సెకనుకు 170.8 కోట్ల స్పందనలు. రేడియానువి 126.6 కోట్లు. ఒక్కొక్క భాగము ఒక్కొక్క స్పందనకు ఒక గుణకారము, ఒక సంకలనము చేయునని పట్టి హెచ్చవేసినచో రేడియాను సెకనుకు 5.8 లక్షల కోట్ల లెక్కలు, జీఫోర్సు 4.4 లక్షల కోట్లు చేయవలెను. మెమరీ దారి వెడల్పు రేడియానులో 256 బిట్లు, జీఫోర్సులో 192. ఒక్కొక్క బిట్టు దారిలో సెకనుకు 800 కోట్ల బిట్లు నడచును గనుక, ఎనిమిది బిట్లొక బైటు చొప్పున, సెకనుకు 256 గిగాబైట్లు ఒకదానికి, 192 రెండవదానికి. రెండు లెక్కలలోను రేడియానుకు ఇంచుమించు మూడవ వంతు ఆధిక్యము, పైగా వెల కొంత చవుక. పాఠశాలకు ఒక కార్డు కొనదలచిన ఉపాధ్యాయుడు ఈ పట్టికనే నమ్మినచో రెండవ ఆలోచన చేయడు.

తెరపై ఫలితము వేరుగా వచ్చెను. నాడు వాడుకలోనున్న ఆటలలో చాలవాటియందు జీఫోర్సు రేడియానుతో సమముగనో, కొంత ముందుగనో నడచెను. కారణములలో ఒకటి పట్టికలోనే, ఎవరును అంతగా చదువని వరుసలో ఉన్నది. లెక్క ముగిసిన చుక్కను తుదకు బొమ్మలో నిలుపు భాగములు జీఫోర్సులో 48, రేడియానులో 32. తట్టలు మోయువారు ఎందరున్నను, గోడపై రాయి పేర్చువారు తక్కువైనచో గోడ ఎట్లు లేచును? మరియొక కారణము ఏ పట్టికలోను కానరానిది. ఆటకును కార్డుకును నడుమ డ్రైవరు అను ఆదేశసముదాయము మేస్త్రీవలె ఉండి పని పంచును. డైరెక్ట్ ఎక్స్ 11 అను నాటి పద్ధతిలో ఈ పంపకమును ఎన్విడియా డ్రైవరు చక్కగా నడిపెను. రేడియానులోని చేతులు తరచు పనికై ఎదురుచూచుచుండెను.

ఊరకయున్న చేతులకును కూలి తప్పదు. రేడియానుకు నిర్ణయించిన విద్యుత్తు 150 వాట్లు, జీఫోర్సుకు 120. కంప్యూటరులోని గాడినుండి 75 వాట్లకు మించి తీయరాదని నియమముండగా, రేడియాను దానిని మీరుచున్నదని పరీక్షకులు కొలిచి చూపిరి. ఏ ఎం డి జులైలోనే డ్రైవరును మార్చి ఈ దోషమును సరిదిద్దెను.

అదే జులైలో డూమ్ అను ఆటకు వల్కన్ అను కొత్త పద్ధతి జతపరుపబడెను. దీనిలో పనిని అనేక వరుసలుగా ఒకేసారి పంపవచ్చును. ఆ ఆటలో రేడియాను వేగము ఒక్కసారి పెరిగి జీఫోర్సును దాటెను. కార్డులో ఒక్క ట్రాన్సిస్టరైనను మారలేదు.

2017లో మరియొక విచిత్రము జరిగెను. ఈథీరియం అను సాంకేతిక నాణెమును సంపాదించు గణనకు బొమ్మలతో పనిలేదు. మెమరీ దారి వెడల్పే దానికి ముఖ్యము. చుక్కలు పేర్చు భాగముల కొరత అక్కడ అడ్డుకాదు. 480ని, ఆ వంశములోనిదే అయిన 580ని నాణెముల వేటగాండ్రు కట్టలుగా కొనిపోగా, సామాన్యునికై తయారైన కార్డు ఆ వేసవిలో సామాన్యునికి దొరకకపోయెను. దొరికినచోట వెల మండెను. 2022 సెప్టెంబరులో ఈథీరియం తన పద్ధతిని మార్చుకొనిన పిదప ఆ గణన నిలిచి, వాడిన కార్డులు పాత సరుకుగా అంగళ్లకు చేరెను.

కోడూరి 2017 నవంబరులో ఇంటెల్ సంస్థకు మారెను. అక్కడ తయారైన ఆర్క్ ఏ 770 అను కార్డు 2022 అక్టోబరులో వచ్చినది. గణనభాగములు 4096. పాత ఆటలలో అది మొదట తడబడెను. ఆపై కొన్ని మాసములలో వచ్చిన కొత్త డ్రైవర్లతో అవే ఆటలు అదే కార్డుపై వేగముగా నడువసాగెను.