పురపాలక ఇంజనీరింగ్ విభాగం

పట్టణంలో తాగునీరు, రోడ్లు, మురుగుకాలువలు, వీధిదీపాల నిర్మాణం, నిర్వహణ చూసే మున్సిపల్ విభాగం. దీనికి మున్సిపల్ ఇంజనీరు బాధ్యుడు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు సంబంధించిన 18 అంశాలను 12వ షెడ్యూలులో చేర్చింది. తాగునీరు, రోడ్లు, వీధిదీపాలు వాటిలో ఉన్నాయి.

నీటి సరఫరా: ఆంధ్రప్రదేశ్‌లోని కాలువల కింది చిన్న పట్టణాలు వేసవి కోసం నీటిని పెద్ద చెరువుల్లో నిల్వ చేసుకుంటాయి. పటిక వేసి మడ్డి తేర్చి, ఇసుక ఫిల్టర్‌బెడ్లలో వడకట్టి, క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తారు. శివారు కుళాయి దగ్గర సిబ్బంది గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తారు. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టే. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. రంగు తేలకపోతే మోతాదు చాలలేదా, పగిలిన పైపులోకి మురుగు చేరుతోందా అని వెతుకుతారు.

మురుగునీటి పారుదల: వానలకు ముందే కాలువల పూడిక తీయాలి, కల్వర్టుల కింద పేరుకున్న చెత్త తొలగించాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడం, మనుషులతో మలమూత్రాలు ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం.